పర్యాటకుల సొమ్ములో ఊరి వాటా రాబట్టడం ఎలా?

ఆదివారం వచ్చిందంటే కార్లతో కిక్కిరిసి, సోమవారం తెల్లారేసరికి ప్లాస్టిక్ సీసాలతో, పొంగిన కాలువలతో మిగిలే ఊళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. కొన్ని పుణ్యక్షేత్రాలు, కొన్ని కొండ ప్రాంతాలు, కొన్ని సముద్ర తీరాలు. అలాంటి ఊళ్లో ఉంటున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మీరు కౌన్సిలరు కావచ్చు, కాలనీ సంఘం కార్యదర్శి కావచ్చు, మహిళా సమాఖ్య నాయకురాలు కావచ్చు, ఏ పదవీ లేని పౌరులు కావచ్చు. వచ్చిపోయేవారి వల్ల ఊరికి పడే ఖర్చును వారి నుంచే న్యాయంగా రాబట్టి, ఆ మేలు ఊరివాళ్లకు చేరేలా చూడటం చాలావరకు మీ చేతుల్లోనే ఉంది.

పర్యాటకం వల్ల ఉపాధి వస్తుందన్న మాట నిజం. లాడ్జీలు, హోటళ్లు, ఆటోలు, పూలకొట్లు దాని మీదే బతుకుతాయి. అయితే ఆటో, కొట్టు ఏవీ లేని కుటుంబం కూడా అదే వీధిలో ఉంటుంది. ట్రాఫిక్, నీటి కొరత దానికీ తప్పవు. ఏ వ్యాపారమూ లేని ఆ ఇంటికి ఏమి మేలు జరిగిందన్నదే నేను పెట్టుకున్న కొలబద్ద. కింద చెప్పే ప్రతి పనినీ ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి చూడండి.

ముందు ఆదివారాన్ని మంగళవారంతో పోల్చండి

చాలా ఊళ్లలో ఈ చర్చ "మనమూ టికెట్ పెడదాం" అన్న మాటతో మొదలై, వ్యాపారుల అభ్యంతరంతో ఆగిపోతుంది. చేతిలో అంకెలు లేకపోవడమే దానికి కారణం. అందుకే రుసుము సంగతి పక్కన పెట్టి, ముందు భారాన్ని లెక్కగట్టండి.

పారిశుద్ధ్య విభాగంలో చెత్త వాహనాల ట్రిప్పుల రిజిస్టరు ఉంటుంది. నీటి విభాగంలో ట్యాంకర్ల రిజిస్టరు ఉంటుంది. రద్దీ రోజుల్లో అదనంగా పెట్టుకున్న కార్మికుల హాజరు పట్టీ ఉంటుంది. మూడు నెలల ఆదివారాల అంకెలు, అవే మూడు నెలల మంగళవారాల అంకెలు తీసుకోండి. అడిగితే చూపించే అధికారి ఉంటే మంచిదే. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "పర్యాటకం వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ట్రిప్పుల రిజిస్టరు నకలు కావాలని రాయండి.

వాహనాల లెక్క మీరే తీసుకోవాలి. ఊరికి వచ్చే దారులు సాధారణంగా రెండో మూడో ఉంటాయి. డిగ్రీ కళాశాల విద్యార్థులను అడగండి, ఉత్సాహంగా వస్తారు. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది వరకు కార్లు, టెంపోలు, ప్రైవేటు బస్సులు, ద్విచక్ర వాహనాలు వేరువేరుగా గీతలు పెట్టించండి. ఆర్టీసీ బస్సుల్లో వచ్చేవారి లెక్కకు డిపోను సంప్రదించండి.

ఆ తర్వాతిది చిన్న గణితం. పద్ధతి తెలియడానికి ఊహించిన అంకెలతో చూపిస్తాను. మంగళవారం 12 ట్రిప్పులు, ఆదివారం 19 ట్రిప్పుల చెత్త పోతోందనుకోండి. అదనం ఏడు ట్రిప్పులు. ట్రిప్పుకు 1,800 రూపాయల చొప్పున 12,600. అదనపు ట్యాంకర్లు పది, ఒక్కొక్కటి 700 చొప్పున 7,000. అదనపు కార్మికులు ఇరవై మంది, 600 చొప్పున 12,000. మరుగుదొడ్ల శుభ్రతకు 5,000. మొత్తం 36,600 రూపాయలు. ఆ రోజు బయటి నుంచి వచ్చిన కార్లు 1,200 అయితే, కారుకు 30 రూపాయల పైచిలుకు. ఈ ఒక్క అంకె మీ చేతిలో ఉంటే కౌన్సిల్ సమావేశంలో చర్చ తీరే మారిపోతుంది. ఇప్పటివరకు ఆ ముప్పై రూపాయలను ఆస్తి పన్ను కట్టే మీ వీధివాళ్లే భరిస్తున్నారని అప్పుడు చూపించగలుగుతారు.

పర్యాటకుడు పెట్టే రూపాయి ఎక్కడికి పోతోందో చూడండి

కాగితం మీద ఒక పటం గీయండి. లాడ్జీ గది అద్దె మీద జీఎస్టీ ఉంది. 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతం. ఆ పన్నును కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. మున్సిపాలిటీకి నేరుగా ఏమీ రాదు. చార్మినార్, గోల్కొండ వంటి కట్టడాల టికెట్ డబ్బు కేంద్ర పురావస్తు శాఖ ద్వారా కేంద్ర ఖజానాకు చేరుతుంది. ఆ కట్టడం చుట్టూ వీధులు ఊడ్చేది మాత్రం నగరపాలక సంస్థ. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ హోటళ్ల రాబడి ఆ సంస్థది. ఆలయ హుండీ దేవాదాయ చట్టం పరిధిలోది, దాన్ని ఊరి కాలువలకు మళ్లించాలన్న ఆలోచన న్యాయస్థానాల మెట్లెక్కుతుంది. మీ ప్రణాళికను దాని మీద ఆధారపెట్టకండి.

ఇక ఊరికి మిగిలేవి ఇవి: వాణిజ్య భవనాల ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సులు, పార్కింగ్ వేలంపాట, మరుగుదొడ్ల గుత్తేదారు కట్టే సొమ్ము, ఆంధ్రలో ఆశీలనీ తెలంగాణలో తైబజార్ అనీ పిలిచే సంత రుసుము. వీటిలో మొదటిదే పెద్దది. నివాస గృహంగా నమోదై, హోం స్టేగా నడుస్తున్న ఇళ్లు ఎన్నో వార్డులవారీగా చూడండి. కొత్త రుసుము జోలికి పోకముందే, ఉన్న పన్నును సరిగా మదింపు చేయించడం వల్ల వచ్చే రాబడి కొన్ని ఊళ్లలో మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. అమ్మమ్మ పెంకుటింట్లో ఒక గది అద్దెకు ఇచ్చే కుటుంబాన్ని, పన్నెండు గదుల భవనాన్ని ఒకే గాటన కట్టవద్దు.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది?

ఇక్కడ కాస్త నిదానించాలి. యూరప్ నగరాలను చూసి "గదికి ఇంత పన్ను" అని ప్రతిపాదించేవారు మన దగ్గర గోడకు తల కొట్టుకున్నట్టే. బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతంలో 2012 నుంచి బసకు పర్యాటక పన్ను ఉంది. 2021 నుంచి నగరం తన వంతు అదనపు పన్ను కూడా వేస్తోంది. 2024 అక్టోబరులో ఆ అదనాన్ని మనిషికి రాత్రికి 4 యూరోలు చేసింది. మన దేశంలో గది అద్దెల మీద ఒకప్పుడు రాష్ట్రాలు వేసిన విలాస పన్ను 2016 నాటి 101వ రాజ్యాంగ సవరణతో జీఎస్టీలో కలిసిపోయింది. రాష్ట్రాల అధికారాలను చెప్పే రాజ్యాంగ రాష్ట్ర జాబితాలోని 62వ అంశంలో మిగిలింది వినోదాల మీద పన్ను మాత్రమే, అదీ స్థానిక సంస్థలు విధించి వసూలు చేసుకునే మేరకే. ప్రకటనల మీద పన్ను అంశం కూడా అదే సవరణతో పోయింది.

మిగిలిన దారి సేవా రుసుము. పన్నుకూ రుసుముకూ తేడా ఏమిటో సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులోనే చెప్పింది. రుసుము తీసుకుంటే దానికి బదులుగా సేవ కనిపించాలి. పైసాకు పైసా సరిపోనక్కర్లేదు, సంబంధం మాత్రం ఉండాలి. మీరు తీసిన ఆదివారం లెక్క ఇక్కడ రెండోసారి పనికొస్తుంది: రుసుము ఎందుకో, ఎంతో అది చెబుతుంది.

దేశంలోనే నమూనాలున్నాయి. మహారాష్ట్రలోని మాథేరాన్‌లో కార్లను ఊళ్లోకి రానివ్వరు. దస్తూరి నాకా దగ్గర ఆపేస్తారు. ఊళ్లోకి వచ్చే ప్రతి సందర్శకుడి నుంచి మున్సిపల్ కౌన్సిల్ పన్ను వసూలు చేస్తుంది. తాజ్‌మహల్ చూడబోయే భారతీయుడు కట్టే 50 రూపాయల్లో 40 పురావస్తు శాఖవి, 10 ఆగ్రా అభివృద్ధి సంస్థవి. విదేశీయుడు కట్టే 1,100లో 500 ఆ సంస్థకే వెళ్తాయి. కేంద్రం టికెట్ పక్కనే స్థానిక వాటా కూడా ఉండవచ్చనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. మీ ఊళ్లో పురావస్తు శాఖ కట్టడం ఉంటే, రాష్ట్ర ప్రభుత్వానికి పంపే లేఖలో ఆగ్రా ప్రస్తావన తప్పకుండా పెట్టండి.

పార్కింగ్, మరుగుదొడ్లు, కార్యక్రమాల అనుమతులు, షూటింగుల అనుమతుల రుసుములు కౌన్సిల్ స్థాయిలోనే సవరించుకోగలిగినవి. వాహన ప్రవేశ రుసుముకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి. రెండింటినీ ఒకే తీర్మానంలో కలపకండి. రెండోది ఆగితే మొదటిది కూడా ఆగిపోతుంది.

ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎవరిని వదిలేయాలి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన ఊళ్లలో తలకు ఇంత అని వసూలు చేయడం తప్పు. మొక్కు తీర్చుకోవడానికి కాలినడకన వచ్చే ముసలమ్మ దగ్గర, ఆర్టీసీ బస్సులో పిల్లలతో వచ్చే కూలి కుటుంబం దగ్గర రూపాయి కూడా అడగకూడదు. ఊరికి ఎక్కువ భారం కారు వల్ల, ప్రైవేటు బస్సు వల్ల. వాటి మీదే వేయండి. ఉదకమండలం (ఊటీ), కొడైకెనాల్‌లలో మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి వచ్చే వాహనాలకు ఈ-పాస్ (ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) అమలవుతోంది. అక్కడ కూడా ప్రజా రవాణాకు, స్థానిక వాహనాలకు మినహాయింపు ఉంది.

మినహాయింపుల జాబితా ముందే రాసుకోవాలి. వెనిస్ నగరం పాత పట్టణంలోకి పగటిపూట వచ్చిపోయేవారి నుంచి 2024 ఏప్రిల్ 25న రుసుము మొదలుపెట్టింది. ఆ ఏడాది 29 రోజులు, రోజుకు 5 యూరోలు. స్థానికులు, ఉద్యోగులు, విద్యార్థులు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలు, రాత్రి బస చేసి అక్కడ వేరే పన్ను కట్టేవారు దాని నుంచి మినహాయింపు పొందారు. 2025లో రోజులను 54కు పెంచి, ఆఖరి నిమిషంలో నమోదు చేసుకునేవారికి 10 యూరోలు చేసింది. దాని వల్ల రద్దీ పెద్దగా తగ్గలేదన్న విమర్శ బలంగానే ఉంది. ఇంత చిన్న రుసుము జనాన్ని ఆపుతుందని మీరూ ఆశించకండి. అయితే రద్దీ రోజులకే రుసుము పరిమితం చేయడం మంచి పద్ధతి. శని, ఆదివారాలు, పండుగలు, జాతర రోజులు చాలు. మంగళవారం పక్క మండలం నుంచి ఆస్పత్రికి వచ్చే కారును ఆపి డబ్బు అడిగితే ఊరికి చెడ్డపేరు.

చుట్టుపక్కల మండలాల వాహనాలకు ఏడాదికోసారి ఉచిత స్టిక్కరు ఇవ్వండి. వాళ్లు మీ సంతకు, బడికి, బ్యాంకుకు వచ్చేవాళ్లు, పర్యాటకులు కారు.

వసూలు: పాటదారుడికి అప్పగించకండి

పార్కింగ్ స్థలాన్ని ఏడాదికి వేలం వేయడం మనకు అలవాటు. పాటదారుడు ఒక మొత్తం కట్టేస్తాడు, ఆపైన ఎంత వసూలైందో ఊరికి తెలియదు. రసీదు లేని వసూళ్లు, గొడవలు అక్కడే మొదలవుతాయి. దానికి బదులు పట్టణ మహిళా సమాఖ్యకు నిర్ణీత సేవా రుసుము ఇచ్చి వసూలు బాధ్యత అప్పగించండి. ఆర్టీసీ కండక్టర్ల చేతిలో ఉండే టిమ్ (టికెట్లు ముద్రించే యంత్రం) లాంటిది, యూపీఐ చెల్లింపుకు క్యూఆర్ కోడ్, ప్రతి బండికీ ముద్రిత రసీదు. ఊరికి వచ్చే వాహనాల అసలు లెక్క రోజూ దానంతటదే తయారవుతుంది. ఆ మహిళలకు నీడ, కుర్చీ, మరుగుదొడ్డి, జాతర రోజుల్లో పోలీసు తోడు తప్పనిసరి. ఇవి లేకుండా మొదలుపెడితే రెండో వారానికే ఆ పని ఎవరూ చేయరు.

ప్రత్యేక ఖాతా లేకపోతే అంతా వృథా

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. వసూలైన సొమ్ము సాధారణ నిధిలో కలిసిన రోజున అది మాయమైనట్టే. పాత విద్యుత్ బకాయికో, ఆగిపోయిన బిల్లుకో పోతుంది. పేరున్న పద్దు, వేరే బ్యాంకు ఖాతా ఉండాలి.

ఇక్కడొక చిక్కు ఉంది. బార్సిలోనా తన పర్యాటక పన్నులో కొంత తీసి ప్రభుత్వ పాఠశాలల్లో సౌర ఫలకాలు, గదులను చల్లబరిచే యంత్రాలు పెట్టిస్తోంది. అది పన్ను కాబట్టి అలా చేయగలదు. మనది సేవా రుసుము, నేరుగా బడికి ఖర్చు పెడితే "సేవ ఏది?" అని కోర్టులో అడుగుతారు. దారి ఏమిటంటే, పర్యాటకుల చెత్తకు, నీటికి, మరుగుదొడ్లకు ఇప్పటివరకు సాధారణ నిధి నుంచి పెడుతున్న ఖర్చును కొత్త నిధి భరించాలి. అలా సాధారణ నిధిలో మిగిలిన అంత మొత్తాన్నీ వార్డుల పనులకు కట్టుదిట్టంగా కేటాయించాలి. అంటే తీర్మానంలో రెండు భాగాలు ఉండాలి. రెండో భాగం లేకపోతే మిగిలిన సొమ్ము మరెక్కడికో జారుకుంటుంది. నమూనా ఇస్తున్నాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి:

"సందర్శకుల వాహనాల పార్కింగ్, కార్యక్రమాల అనుమతులు, షూటింగుల అనుమతుల ద్వారా వచ్చే రుసుములను 'సందర్శకుల సేవా నిధి' పేరిట ప్రత్యేక బ్యాంకు ఖాతాలో జమ చేయాలని, ఈ నిధిని పర్యాటక ప్రాంతాల పారిశుద్ధ్యం, తాగునీరు, మరుగుదొడ్లు, వాహనాల క్రమబద్ధీకరణ, సంబంధిత కార్మికుల వేతనాలకు మాత్రమే వినియోగించాలని, ప్రచారం, ప్రారంభోత్సవాలు, స్వాగత తోరణాలకు వినియోగించరాదని కౌన్సిల్ తీర్మానిస్తున్నది. ఈ నిధి వల్ల సాధారణ నిధిలో ఆదా అయిన మొత్తాన్ని ఏటా లెక్కించి, వార్డుల జనాభా నిష్పత్తిలో కుళాయి, మురుగు కాలువ, వీధిదీపం, అంగన్‌వాడీ పనులకు కేటాయించాలని కూడా తీర్మానిస్తున్నది."

తోరణాలు, రంగు అక్షరాల సెల్ఫీ బోర్డులు వద్దని నేను గట్టిగా అంటున్నది ఊరికే కాదు. అవి ప్రారంభం రోజున బాగుంటాయి, ఏ ఇంటికీ నీళ్లు తేవు. కొత్త మరుగుదొడ్ల భవనం కట్టడం కంటే ఉన్నదానికి నీళ్లు, తలుపు గడియ, కూర్చుని చూసుకునే మనిషి ఉండటం ముఖ్యం. ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ప్రయాణించే ఏ తల్లినైనా అడగండి, చెబుతుంది.

హోటళ్ల కొనుగోళ్లు ఊళ్లోనే జరగాలి

రుసుము కంటే పెద్ద సొమ్ము వంటింటి సరుకుల్లో ఉంది. కేరళలోని కుమరకోంలో 2008లో బాధ్యతాయుత పర్యాటకం పేరిట జరిగిన ప్రయోగం చూడండి. రిసార్టులు తమకు కావలసిన కూరగాయలు, కొబ్బరికాయలు, చేపలు స్థానిక రైతుల నుంచి, కుటుంబశ్రీ మహిళా బృందాల నుంచి కొనడానికి ఒప్పుకున్నాయి. ధరలు ఒక కమిటీ ఖరారు చేసేది. నాణ్యత, సమయపాలన దగ్గర తొలినాళ్లలో ఇబ్బందులు పడి, క్రమంగా గాడిన పడ్డారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పురస్కారం కూడా అందుకున్నారు.

మీరు ఒకటి రెండు వస్తువులతో మొదలుపెట్టండి. పెరుగు, విస్తరాకులు, దుప్పట్ల ఉతుకు. లాడ్జీ యజమానుల సంఘంతో కూర్చుని వారానికి ఎంత కావాలో రాయించుకుని, సమాఖ్య ఎంత ఇవ్వగలదో దానికంటే తక్కువకే మాట ఇవ్వండి.

వీధి వ్యాపారుల సంగతి కూడా ఇదే. 2014 నాటి చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారుల నుంచి ఎన్నికైనవారే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. "సుందరీకరణ" పేరుతో బండ్లను తొలగించే ముందు ఆ కమిటీ సమావేశమైందో లేదో అడగండి.

లెక్క అందరి ముందూ చదవాలి

దీనికి మనం ఎక్కడికీ వెళ్లి నేర్చుకోనక్కర్లేదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006 నుంచి దేశానికి చేసి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఊరివాళ్లే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) తీసుకుని ఇంటింటికీ వెళ్లి సరిచూసి, ప్రజావేదికలో అందరి ముందూ చదివి వినిపించారు. అదే పద్ధతి సందర్శకుల నిధికీ పెట్టండి. ఆరు నెలలకోసారి, వార్డుకు ఇద్దరు. నిధి నుంచి డబ్బు చెల్లించిన ట్యాంకరు నిజంగా వచ్చిందా, మరుగుదొడ్డిలో నీళ్లున్నాయా, ఏ వార్డులో ఏ కాలువ కట్టారు? ఈ ప్రశ్నలకు చదువుకున్న ఆడిటరు కంటే ఆ వీధిలో ఉండేవారే బాగా జవాబు చెబుతారు. నెలవారీ జమ ఖర్చులను మున్సిపల్ కార్యాలయం గోడ మీద, బస్టాండులో, పార్కింగ్ గేటు దగ్గర రాయించండి. తన ముప్పై రూపాయలు ఎక్కడికి పోతున్నాయో చూసిన కారు యజమాని గొడవ పడడు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మున్సిపల్ బడ్జెట్ మార్చి చివరిలోగా ఆమోదం పొందాలి. అంకెలు పోగుచేసే పని అక్టోబరులో మొదలైతేనే జనవరికి ప్రతిపాదన చేతికొస్తుంది. ఎజెండాలో చేర్చమని కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. మీ వార్డు సభ్యుడితో పాటు కనీసం మరో ఇద్దరు సభ్యుల మద్దతు ముందే కూడగట్టండి. లాడ్జీ యజమానులను ఆఖర్లో కాకుండా మొదట్లోనే కలవండి. శుభ్రమైన ఊరికి వచ్చినవారు మరో రాత్రి ఉంటారని వాళ్లకూ తెలుసు.

కౌన్సిల్ మొత్తం ప్రతిపాదనకు ఒప్పుకోకపోతే పార్కింగ్ ఒక్కదానితో మొదలుపెట్టండి. ఇప్పుడున్న వేలంపాట గడువు ఏ తేదీన ముగుస్తుందో ఈ వారమే కనుక్కోండి. కొత్త పాటకు ప్రకటన వెలువడటానికి రెండు నెలల ముందే సమాఖ్య తరఫున దరఖాస్తు ఇవ్వాలి.